ఒలాయా పాల పుట్టుపూర్వోత్తరాలు

బిడ్డ ఇంకా తాగుతూనే ఉన్నాడు. బిడ్డ తల్లి దోన్యా బ్రియాందా ఆదివారం పూజ ముగించుకుని గుడి నుంచి తిన్నగా పై గదిలోకి వచ్చి, తల మీది ముసుగైనా తీయకుండా, ఒలాయా రొమ్ము దగ్గర్నుంచి బిడ్డను లాక్కుంది. పిల్లాడి నోటి చుట్టూ ఉన్న పాలను రుమాలుతో తుడిచి, ఆ రుమాలును పొయ్యిలో పడేయించింది. తర్వాత గుడి నుంచి సీసాలో తెచ్చుకున్న పవిత్ర జలంతో వాడి నోరు కడిగింది. నాలుక కూడా కడిగింది. ఏడు నెలల పసివాడు ఉక్కిరిబిక్కిరై ఏడుస్తుంటే, "అదిగో, లోపల చేరింది బయటికి పోతోంది" అందట.

ఒలాయాకు అప్పుడు పందొమ్మిదేళ్లు. మొగుడు సైన్యంలో చేరి ఫ్లాండర్స్ యుద్ధానికి వెళ్లి తిరిగి రాలేదు. సొంత బిడ్డ పుట్టిన మూడో రోజునే పోయింది. మిగిలినవి పాలు. ఆ పాలే ఆమెను మా ఊరు తోర్రెసెకాలోకెల్లా పెద్ద ఇంట్లోకి దాదిగా తీసుకుపోయాయి. ఆ పాలే ఆ మధ్యాహ్నం వెనక గుమ్మం గుండా బయటికి పంపాయి.

ఆమె చేసిన తప్పేమీ లేదు. ఆ వారం గుడిలో పాత గుడ్డలకు రంగు వేయించారు, అంతే. విశ్వాసం తప్పినవాళ్లకు శిక్షగా తొడిగిన పసుప్పచ్చ అంగీలను వాళ్లు పోయాక గుడి గోడకు వేలాడదీయడం మా ఊరి ఆచారం. అంగీ మీద మనిషి పేరూ నేరమూ రాస్తారు. గుడ్డ చివికిపోతే కొత్త గుడ్డ తగిలిస్తారు, అక్షరం మాసిపోతే మళ్లీ దిద్దుతారు. మనిషి మట్టిలో కలిసిపోయినా ఫరవాలేదు, పేరు మాత్రం కలవకూడదు. ఆ ఆదివారం ఎడమ గోడ మీద పదకొండు పేర్లు నిగనిగలాడాయి. ఏడోది ఇది: "దియెగో, అద్దకంవాడు. శనివారాలు ఉతికిన చొక్కా తొడిగెను. పంది మాంసము విడిచెను." యూదుల ఇంట పుట్టి, జ్ఞానస్నానం తీసుకుని, యూదుల విశ్రాంతి దినాన తొడిగిన శుభ్రమైన చొక్కా కోసం చెరసాలలో చచ్చినవాడు. ఒలాయాకు ముత్తాత.

ఊరి పాత పాదిరీ చనిపోయినప్పుడు ఆయన పుస్తకాల పెట్టెను నేను రెండు జీనులు కుట్టిచ్చి తెచ్చుకున్నాను. అందులో ఒక పుస్తకం జ్ఞానస్నానపు నీళ్లు ఆదాము నాటి పాపాన్ని కూడా కడిగేస్తాయంటుంది. దాని పక్కనే ఉన్న ఇంకో పుస్తకం, యూదుడి నెత్తురు ఎన్ని తరాలైనా మారదనీ, ఆ నెత్తురే రొమ్ములో తెల్లబడి పాలవుతుందనీ, ఆ పాలు తాగిన బిడ్డ మనసు ఆ మతం వైపే వాలుతుందనీ అంటుంది. రెండూ రాసింది పాదిరీలే. రెంటి మీదా పై అధికారుల ముద్ర ఉంది. లోకం పుట్టినప్పటి పాపం చెంబుడు నీళ్లతో పోతుందట, అద్దకంవాడి చొక్కా పాపం మాత్రం పోదట. చదువుకోనివాళ్లకు ఈ తేడా తెలియదు. అందుకే వాళ్లు హాయిగా ఉంటారు.

ఆ తర్వాత ఒలాయాకు ఎవరూ బిడ్డనివ్వలేదు. ఆమె వాగు దగ్గర బట్టలు ఉతకడం మొదలుపెట్టింది. ఇరవై అయిదేళ్లు ఉతికింది. ఊరి పెద్దల దుప్పట్లూ పాదిరీ అంగీలూ, చివరికి పూజ బల్ల మీద పరిచే తెల్ల గుడ్డలూ ఆమె చేతుల్లోంచే వెళ్లేవి. చేతుల గురించి పుస్తకాల్లో ఏమీ రాయలేదు మరి. ఒక్క నియమం పెట్టుకుంది: శనివారం ఎవరికీ ఉతికిన బట్టలు ఇవ్వదు. "శనివారం మీరు తెల్ల చొక్కా తొడిగితే అడిగేది నన్నే" అనేది.

ఆదివారాలు మాత్రం ఆమెను ఆ గుడ్డ కిందే కూర్చోబెట్టేవాళ్లు. ఆ చోటు ఆమెదని ఎవరూ చెప్పలేదు, పక్కన మాత్రం ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. కూర్చోగానే తలెత్తి, "ఏం తాతా, బాగున్నావా? ఒక్క ముక్క పంది మాంసం నోట్లో పెట్టుకుంటే నీ సొమ్మేం పోయేది?" అని గొణిగేది. పూజ అయిపోయి లేచేటప్పుడు మళ్లీ ఒకసారి తిట్టేది. వాళ్లిద్దరి మధ్యా నడిచిన సంభాషణ అంతే. ఊళ్లో చాలామంది మొగుడూపెళ్లాలు ఆ మాత్రం కూడా మాట్లాడుకోరు.

ఆమెకు ఒకే ఒక్క కోరిక ఉండేది. మా ఊళ్లో మంచి మరణపు సంఘం అని ఒకటుంది. అందులో ఉన్నవాళ్లు చనిపోతే నలుగురు భుజాలకెత్తుకుంటారు, వెనక కొవ్వొత్తులు నడుస్తాయి. లేనివాళ్లను ఎరువు తోలే బండి తీసుకుపోతుంది. సంఘంలో చేరాలంటే నాలుగు తరాలు పాత క్రైస్తవులై ఉండాలి, అంటే వంశంలో మతం మారినవాళ్లు ఉండకూడదు. "బతికినన్నాళ్లూ ఊరి మురికి మోశాను. ఒక్కసారి నన్ను ఎవరైనా మోస్తే చాలురా నూన్యో" అనేది నాతో. ఈ మధ్య ఆమె ముత్తాత నింద గుడ్డ మళ్లీ చివికిపోయింది. ఎలుకలు కింది అంచు కొరికేశాయి, అక్షరాలు కనబడటం లేదు. వచ్చే సత్ప్రసాద పండుగకు మళ్లీ దిద్దిస్తారని చెప్పుకుంటున్నారు. "ఈసారికి వదిలేస్తే బాగుండు. ఆపైన చదివేవాడుండడు" అనేది.

అలాంటి సమయంలో పట్నం నుంచి విచారణకర్త మెల్గార్ వచ్చాడు. పాదిరీయే. పంటినొప్పితో బుగ్గకు గుడ్డ కట్టుకుని, కంచరగాడిద మీద మూలుగుతూ దిగాడు. నోరు కడిగించుకున్న ఆ పసివాడు గుతియెర్రె ఇప్పుడు దోన్ గుతియెర్రె అయ్యాడు. పట్నంలోని పెద్ద గుడి మండలిలో ఆసనం కోరాడు. ఆసనం దక్కాలంటే నెత్తురు శుద్ధమని రుజువు కావాలి. వాళ్ల నెత్తురుకు లోటేమీ లేదు. కానీ ఎవడో పోటీదారు పేరు లేని ఉత్తరం రాశాడు: "నెత్తురు సరే, పాల సంగతి అడగండి."

మెల్గార్ వెంట వచ్చిన రాయసగాడు దారిలో జ్వరంతో పడిపోయాడు. ఊళ్లో చక్కని రాత నాదేనని మా ఊరి కొత్త పాదిరీ చెప్పాడు. నేను జీనులు కుట్టేవాణ్ణని మొత్తుకున్నా వినలేదు. "తోలు మీద కుదిరిన చెయ్యి కాగితం మీద కుదరదా?" అన్నాడు మెల్గార్. అలా నేను గుడి పక్క గదిలో ఈకా సిరాబుడ్డీ ముందు కూర్చున్నాను.

మొదటి సాక్ష్యం దోన్యా బ్రియాందాది. సిలువ మీద చెయ్యేసి చెప్పింది.

"మావాడు పుట్టిన దగ్గర్నుంచీ మేకపాలేనండీ. మనిషి పాలు ఎరగడు."

"మేక ఎవరిదమ్మా?"

"మాదే."

"పుట్టినప్పట్నుంచీ మీదేనా?"

"కొన్నాం లెండి."

"ఎవరి దగ్గర?"

ఆవిడ విసనకర్ర ఆగిపోయింది. గోడవార బల్ల మీద తన వంతు కోసం కూర్చున్న ముసలి గొర్రెలకాపరి క్రిస్పులో సాయం చేద్దామనుకున్నాడు. ఎనభై ఏళ్లవాడు. ఊళ్లో ఎవరి తాత ఎవరో చెప్పాలంటే ఆయనే చెప్పాలి, ప్రతి విచారణకూ ఆయనే సాక్షి.

"ఎర్నాందో మందలోదండీ. ఎడమ కొమ్ము విరిగింది. ఎంత పాడి మేక అనుకున్నారు!"

ఎర్నాందో మూరుల సంతతివాడు, అంటే తాతలు ముస్లింలు. నిరుడే రాజుగారు వాళ్లందరినీ ఓడలెక్కించి సముద్రం అవతలికి తోలేశారు. మెల్గార్ బుగ్గ మీంచి చెయ్యి తీశాడు.

"మూరు మందలో మేకా?"

"మేకకు మతమేముంటుందండీ?" అంది దోన్యా బ్రియాందా.

"మేకకు ఉండదమ్మా. పితికేవాడికుంటుంది. వాళ్లు పితికేటప్పుడు ఏదో గొణుగుతారని విన్నాను."

"గొణిగేవాడండీ, నేను చెవులారా విన్నాను" అన్నాడు క్రిస్పులో. "'కదలకుండా నిలబడవే దొంగముండా' అని."

"ఏ భాషలో?"

"మన భాషలోనేనండీ. దానికి ఇంకో భాష రాదు కదా."

నేను ఈక ఎత్తి, "అంతా రాయమంటారా?" అని అడిగాను.

"'గొణిగెను' వరకు రాయి" అన్నాడు మెల్గార్.

తర్వాత ఆయన చాలాసేపు ఆలోచించాడు. యూదు వంశపు ఆడదాని పాలు చెడ్డవని పుస్తకాల్లో స్పష్టంగా ఉంది. మూరు పితికిన మేకపాల గురించి ఏమీ లేదు. పై పండితులను అడగాలి, జవాబు రావడానికి ఏడాది పట్టొచ్చు. ఆసనం ఆకురాలు కాలంలోపే నిండిపోతుంది. దోన్యా బ్రియాందా ముఖం చూస్తే నాకు జాలేసింది. వేసిందని అబద్ధం ఎందుకు చెప్పాలి, వేయలేదు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఆవిడ వాగు దగ్గరికి వచ్చింది. నేను దిగువన తోళ్లు నానబెడుతున్నాను. నన్ను చూసింది, కానీ తోళ్లవాణ్ణి చూసి మాట ఆపే అలవాటు ఆ ఇంట్లో లేదు.

"ఒలాయా, బాగున్నావా తల్లీ?"

ఒలాయా బండ మీద దుప్పటి బాదుతూనే ఉంది. "బట్టలున్నాయా దొరసానమ్మా? శనివారం మాత్రం ఇవ్వను."

"బట్టలు కాదే. మా గుతియెర్రె నీ పాలు తాగిన బిడ్డ కదా."

"నాకు గుర్తుంది. నాలుక కడిగినావిడకు గుర్తుందో లేదో అనుకున్నాను."

"అప్పటి మాటలు ఇప్పుడెందుకే? నీది పాత క్రైస్తవ వంశమని చెప్పు, చాలు. మిగతా సాక్షులతో మేం మాట్లాడాం."

"ఎప్పట్నుంచి?"

"ఏమిటి, ఎప్పట్నుంచి?"

"నేను పాత క్రైస్తవురాల్ని ఎప్పట్నుంచండీ? రేపట్నుంచా, పుట్టినప్పట్నుంచా? పుట్టినప్పట్నుంచైతే మరి నన్నెందుకు గెంటారని ఆ పంటినొప్పాయన అడుగుతాడు కదా."

"నీకు పాలు ఎండిపోయాయని చెబుతాం."

ఒలాయా దుప్పటి వదిలేసి నడుము మీద చేతులు పెట్టుకుంది. ఆమె అంత బిగ్గరగా నవ్వడం నేనెప్పుడూ వినలేదు.

"ఎండిపోయాయా! రెండూ రాళ్లయిపోయి వారం రోజులు జ్వరంతో పడున్నాను. గోడకు పితుక్కున్నాను దొరసానమ్మా. మీవాడి వాటా మా గోడ తాగింది. దానికేం మతమొచ్చిందో ఒకసారి వచ్చి చూసిపోండి."

దోన్యా బ్రియాందా అటూ ఇటూ చూసి, తడి రాళ్ల మీద, పట్టు పావడాతోనే, మోకాళ్ల మీద కూర్చుంది. కూర్చుందో, కాలు జారిందో నేను చెప్పలేను. ఒలాయా చెయ్యిచ్చి లేపింది.

"సరే, చెబుతాను. నన్ను సంఘంలో చేర్చుకోవాలి. ఆ గుడ్డ నా నెత్తి మీంచి పోవాలి."

"పోతుంది. నాదీ పూచీ."

మూడో రోజు దోన్యా బ్రియాందాకు హఠాత్తుగా జ్ఞాపకశక్తి తిరిగొచ్చింది. మేక రెండు రోజులేనట, పాలిచ్చింది ఒలాయా అట, నిఖార్సైన పాత క్రైస్తవురాలట. తర్వాత ఒలాయాను పిలిచారు. ఉతికిన అంగీ వేసుకుని వచ్చింది. ఆ రోజు బుధవారం. గుమ్మంలో దోన్ గుతియెర్రె నిలబడి ఉన్నాడు, మెడ చుట్టూ గంజి పెట్టిన కుచ్చుల పట్టీ. ఒలాయా ఆగి, అతని ముఖంలోకి చూసింది.

"పళ్లు బాగానే వచ్చాయి. లేనప్పుడే కొరికేవాడు."

"అది రాయకు" అన్నాడు మెల్గార్ నాతో. ఆమె వైపు తిరిగాడు. "గోడ మీద ఏడో గుడ్డ, అద్దకం దియెగో. నీకేమవుతాడు?"

ఒలాయా నీళ్లలో నాని ముడతలు పడిన తన వేళ్లను చూసుకుంది. దోన్యా బ్రియాందా దగ్గింది.

"ఏమీ కాడండీ" అంది ఒలాయా.

రాశాను. వ్యవహారం అక్కడితో అయిపోయేదే, కానీ మెల్గార్ పని తెలిసినవాడు. గుడ్డల పుస్తకం తెప్పించి వేలు పెట్టి చదివాడు. దియెగోకు ఒక కొడుకున్నట్టు అందులో ఉంది.

"కొడుకుంటే మనవలుంటారు. గోడ మీద గుడ్డ ఉంటే దాని కింద మనిషి ఉండాలి. ఈవిడ కాకపోతే ఎవరు?"

ఇది ఎవరూ అనుకోని ప్రశ్న. మచ్చను ఒకరి మీద నుంచి తుడిచేయడం తేలికే, కానీ తుడిచిన మచ్చకు ఇంకో చోటు చూపించాలి. శాస్త్రం అలాంటిది. క్రిస్పులో వైపు అందరూ చూశారు. ముసలాయన గదంతా కలయజూశాడు. పాదిరీని చూశాడు, దోన్ గుతియెర్రెను చూశాడు, గభాల్న చూపు తిప్పుకున్నాడు. చివరికి ఆయన కళ్లు నా ఈక మీద ఆగాయి.

"ఈ జీనుల అబ్బాయివాళ్లదనుకుంటానండీ. వీళ్లమ్మ అద్దకంవాళ్ల సందులోంచే వచ్చింది."

"మా అమ్మది ఈ ఊరే కాదు, క్వెంకా" అన్నాను.

"నువ్వు రాసేవాడివా, సాక్షివా?" అన్నాడు మెల్గార్.

"రాసేవాణ్ణే."

"అయితే రాయి."

"పైగా వీడు పుస్తకాలు చదువుతాడండీ" అన్నాడు క్రిస్పులో. ఆయనలో పగ లేదు, సాయం చేస్తున్నాననే నమ్మకం ఉంది. "పాత క్రైస్తవుడికి పుస్తకంతో ఏం పని? మా వంశంలో ఏడు తరాలుగా ఒక్కడికీ అక్షరం ముక్క రాదు. కావాలంటే విచారించుకోండి."

మెల్గార్ తలాడించాడు. ఆ రుజువు ఆయనకు బాగా నచ్చింది. ఒలాయా నోరు తెరిచింది. దోన్యా బ్రియాందా చెయ్యి ఆమె చేతి మీద పడింది. నోరు మూసుకుంది. నేను నా ముత్తాతను నా చేత్తోనే, ఒక్క తప్పు లేకుండా రాసుకున్నాను. క్రిస్పులో కింద సిలువ గుర్తు పెట్టాడు. సరిగ్గా రాశానని నేను సంతకం చేశాను. గుండ్రంగా వచ్చాయి అక్షరాలు. తోలు గురించి మెల్గార్ అన్న మాట నిజమే.

దోన్ గుతియెర్రెకు ఆసనం దొరికింది. ఒలాయా పాలు పరిశుద్ధమైనవని ఎనిమిది ముద్రలతో కాగితం వచ్చింది. తాగిన ఇరవై అయిదేళ్లకు. సత్ప్రసాద పండుగకు గుడ్డలన్నీ దిద్దించారు. ఏడోదాన్ని కొత్త పసుప్పచ్చ గుడ్డ మీద, దూరానికి కనబడేలా రాశారు. ఆ ఆదివారం ఒలాయాను కుడి వైపు, సంఘం ఆడవాళ్ల మధ్య కూర్చోబెట్టారు. ఎడమ గోడ కింద చోటు నాకొచ్చింది. ఎవరూ చెప్పలేదు, పక్కన ఎవరూ కూర్చోలేదు. పిల్లలు నా గుమ్మంలోకి పంది తోలు ముక్కలు విసిరేవాళ్లు. నేను ఏరుకుని, వేయించుకుని, వాకిట్లో కూర్చుని తినేవాణ్ణి. ఎంత తిన్నా లాభం లేకపోయింది. తినకపోతే నెత్తురు బయటపడిందంటారు, తింటే నెత్తురు దాచుకుంటున్నాడంటారు. ఊళ్లోవాళ్లు జీనులు కొనడం మానేశారు. దారిన పోయే కంచరగాడిదలవాళ్లు మాత్రం కొనేవాళ్లు. ఆ గాడిదలు తాతల సంగతి అడగవు.

ఒలాయా నన్ను తప్పించుకు తిరిగింది. సంఘం వాళ్ల వెంట కొవ్వొత్తి పట్టుకుని రెండు శవాల వెనక నడవడం చూశాను. నేరుగా నడిచేది, ఎవర్నీ చూసేది కాదు. పూజలో మాత్రం ఆమె తల ఎడమకు తిరిగేది. మెడ నొప్పి అని పక్కవాళ్లతో చెప్పేదట.

సెవిల్ వెళ్లిపోదామనుకున్నాను. అక్కడ నా తాతలెవరో ఎవరికీ తెలియదు. బయలుదేరిన పొద్దున వాగు దాటుతుంటే, బండ దగ్గర్నుంచి ఆమె లేచి వచ్చింది. చేతిలో మడత పెట్టిన నా చొక్కా ఉంది. ఎప్పుడో ఉతకమని ఇచ్చి, అడగడం మానేసిన చొక్కా అది.

"పోతున్నావా?"

"పోతున్నాను ఒలాయత్తా."

"నువ్వు కూడా పోతే ఆ తాత గుడ్డ కింద ఎవరు కూర్చుంటారురా?"

"మీరు అటు మారండి."

"అటు మారితే నన్ను మోసేదెవరు?" అంది. "ఇరవై అయిదేళ్లు తిట్టాను. ఒక్క మాట తిరిగి అనలేదు. ఇప్పుడు ఎవర్ని తిట్టాలో తెలియక నోరు పాచిపోతోంది. మా అమ్మ చెప్పేది, నీలం అద్దితే ఆయన చేతికి తిరుగుండేది కాదట. నువ్వు విను, నీకెవరూ చెప్పరు కదా ఈ సంగతులు. ఎడమ చేతివాటమట. వేడి అన్నం గిన్నెలాంటి కోపమట, ఊదితే చల్లారేదట." చొక్కా నా చేతిలో పెట్టింది. "ఇదిగో. ఇవాళ శనివారం. ఇక్కడే తొడుక్కుని పో. ఆయన మనవడివి కదా, ఆ మాత్రం చెయ్యి."